లయ చదవడం నేర్పడానికి బొమ్మలు కావాలా, చేతి తాళం చాలదా?

మల్కాజిగిరి అమ్మ:
మా పాప మూడో తరగతి. కీబోర్డ్ క్లాసులో చేరి రెండు నెలలైంది. పిజ్జా ముక్కల బొమ్మ చూపించి, మొత్తం పిజ్జా 4 బీట్లు, సగం 2, పావు 1 అని నేర్పారు. లెక్క గడగడా చెప్పేస్తుంది. వాయించమంటే మాత్రం సగానికీ పావుకీ ఒకేలా కీ నొక్కి వదిలేస్తోంది. మా అత్తగారేమో "బొమ్మలెందుకమ్మా, తాళం వేయించు, అదే వస్తుంది" అంటున్నారు. ఏం చేయమంటారు?

చిక్కడపల్లి వయొలిన్ మాస్టారు:
మీ అత్తగారి మాటే నాదీ అమ్మా. ఆది తాళంలో దెబ్బ, మూడు వేళ్లు, తర్వాత దెబ్బ, విసురు, మళ్లీ దెబ్బ, విసురు. 8 అక్షరాలూ, అంటే తాళం లెక్కలు, చేతిలోనే ఉన్నాయి. సరళీ వరుసలు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, పాడిన పిల్లకు అక్షరానికి ఒక స్వరం, రెండు, నాలుగు ఎలా పడతాయో ఒంటికి తెలిసిపోతుంది. కాగితం ముందు పెడితే చెయ్యి ఆగిపోతుంది.

తార్నాక కీబోర్డ్ టీచర్:
చెయ్యి ముందన్న మాట ఒప్పుకుంటాను మాస్టారూ. కానీ స్టాఫ్ నొటేషన్, అంటే గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి, ఎప్పటికైనా చూసి చదవాల్సిందే. మన పుస్తకాల్లోనూ స్వరం ఒక అక్షరం సాగితే కామా, రెండు సాగితే సెమికోలన్ పెడతారు కదా. అవీ కంటితో చూసేవే.

అమ్మగారూ, గుండ్రటి పిజ్జాలో ఎంత ముక్కో కనిపిస్తుంది గానీ ఎంతసేపో కనిపించదు. లెక్కల నోటుబుక్కులో వరుసగా 8 గళ్లు తీసుకోండి. ఒక గడి ఒక క్వేవర్, అంటే అర బీటు స్వరం. క్రోచెట్‌కు (మీ పావు ముక్క, 1 బీటు) 2 గళ్లు, మినిమ్‌కు (సగం ముక్క, 2 బీట్లు) 4 గళ్లు రంగు వేయించండి. మీరు గళ్ల మీద వేలు సమంగా జరుపుతుంటే, రంగు అయ్యేదాకా పాప కీ వదలకూడదు.

పండ్ల బొమ్మలతో నేను ఒకసారి దెబ్బతిన్నాను. రెండు సమానమైన క్వేవర్ల కోసం జామపండు గీశాను. క్లాసంతా "జా...మ" అని మొదటిది సాగదీసి వాయించారు. పిల్లలే కరెక్ట్! తెలుగులో జా గురువు, 2 మాత్రలు. మ లఘువు, 1 మాత్ర. అప్పట్నుంచి మామిడి వాడుతున్నాను. మా 2 గళ్లు, మి ఒకటి, డి ఒకటి. ఒక క్రోచెట్, రెండు క్వేవర్లు అచ్చంగా కుదురుతాయి.

చిక్కడపల్లి వయొలిన్ మాస్టారు:
మామిడి బాగుందండీ. కానీ అక్కడ పని చేసింది నోరే. మా పిల్లలు "తకిట తకధిమి" అంటూ మిశ్ర చాపు తాళం 7 అక్షరాలూ అలాగే పట్టుకుంటారు. మరి ఆ గళ్లు ఎప్పుడు తీసేస్తారు?

తార్నాక కీబోర్డ్ టీచర్:
వేలు జరపకుండానే సమంగా వాయించిన రోజున. అప్పుడూ తీయకపోతే మీ భయమే నిజమవుతుంది. గళ్లు లేనిదే ఒక్క లైన్ చదవలేని పిల్లలు నా దగ్గరకూ వచ్చారు.

మల్కాజిగిరి అమ్మ:
ఇవాళ సాయంత్రం రంగులు వేసింది. నేను వేలు జరిపాను, అత్తయ్యగారు పక్కన కూర్చుని తొడ మీద తాళం వేశారు. మొదటి లైన్లో మినిమ్ మధ్యలోనే వదిలేసింది. రెండో లైన్లో నాలుగో గడి దాకా పట్టుకుంది.