మా వాడికి ఇండియా మ్యాపు ఎందుకు తీసేశారండీ?

రాజోలు_అమ్మ: మా చిన్నాడికి పదిహేనేళ్ళు, బుద్ధి ఎదుగుదల తక్కువ, తొమ్మిదో తరగతిలో కూర్చుంటున్నాడు. కొత్తగా వచ్చిన స్పెషల్ టీచర్ సోషల్ పీరియడ్‌లో వాడి చేతిలో మ్యాపు తీసేసి బస్సు బోర్డులు, రేవు ఫొటోలు పెడుతున్నారు. పెద్దాడికేమో హిమాలయాలు, వీడికి బస్సు బోర్డా?

లంక_టీచర్: వేరే ఊళ్ళో నేనూ ఇదే పని చేస్తానండి, పన్నెండేళ్ళైంది. మ్యాపంటే ఊరిని ఆకాశంలోంచి చూస్తున్నట్టు ఊహించుకోవాలి, మా పిల్లల్లో చాలామందికి అక్కడే చిక్కు, ఉత్తరం పైనుంటుందంటే పైకప్పు చూస్తారు. అందుకని బడి వెనక ఇసకలో గోదారి తవ్వించి చెంబుతో నీళ్ళు పోయిస్తాను, ధవళేశ్వరం దగ్గర ఇటుక అడ్డం, కింద రెండు పాయలు, మధ్యలో కోనసీమ. రేవు మెట్టుకి ఎర్రరంగు పూశాం, నీళ్ళు అక్కడికొస్తే పంటి, అదే రేవు దాటించే పడవ, ఎక్కకూడదు. ఇది జాగ్రఫీ కాదా?

గౌతమి_గట్టు: రెండు పాయలేంటండి, వైనతేయ ఏమైంది?

లంక_టీచర్: అది వశిష్ఠలోంచి చీలిందండి. ముందు చీలేది గౌతమి, వశిష్ఠే.

గౌతమి_గట్టు: అయినా సరే. పి.గన్నవరం అక్విడక్టు, అదే ఏటి మీదుగా కాలవని దాటించే వంతెన, దాని మీద బస్సులో పోతుంటే కింద కనపడేది ఏంటంట మరి? పిల్లలకి సగం చెప్పకూడదు.

కొబ్బరి_మట్ట: 2016 వికలాంగుల హక్కుల చట్టంలో అందరితో కలిపి చదివించాలని ఉందిగా, ఇంకా గొడవెందుకు

రాజోలు_అమ్మ: ఉంది బాబూ. వెనక బెంచీలో కూర్చోబెట్టి రంగులేయించినా కలిపి చదివించినట్టే రాసుకుంటారు. టీచర్ గారూ, టీవీలో వాతావరణం చెప్పేటప్పుడు మా వాడు ఆంధ్రా మీద వేలు పెడతాడండి. రాదని మీరే తేల్చేస్తే ఎలా?

లంక_టీచర్: వేలు పెట్టడం వేరు, ఆ వేలి కింద తన ఊరుందని తెలియడం వేరమ్మా.

రాజోలు_అమ్మ: మా పెద్దాడు రాష్ట్రాల రాజధానులన్నీ బట్టీపట్టి రొయ్యల చెరువు మీద పని చేస్తున్నాడు. వాడినెవరైనా అడిగారా అవి దేనికి పనికొచ్చాయని? ఏం, వీడొక్కడికే ప్రతి ముక్కా పనికి రావాలా?

లంక_టీచర్: కోపం వద్దమ్మా, నా బాధా వినండి. ఏడాదంతా చెయ్యిపట్టుకుని దారి నేర్పుతాను, ఒక్క తల్లైనా పిల్లాణ్ణి ఒంటరిగా పంపదు. మరి నేను నేర్పిందంతా గోదాట్లో పోసినట్టేగా?

రాజోలు_అమ్మ: పంపానండి. నిరుడు సఖినేటిపల్లి రేవు దగ్గర కొట్టుకి పంపిస్తే పంటెక్కి నరసాపురం వెళ్ళిపోయాడు. అక్కడ జనం చుట్టూ చేరి పిచ్చోణ్ణి ఎవరు వదిలేశారని ఒకటే కేకలంట. వీడేమో నీళ్ళకి ఇవతలి గట్టు చూపిస్తూ మావూరు అటు, మావూరు అటు అంటూనే ఉన్నాడంట, ఎవరూ వినలేదు. సాయంత్రానికి తెలిసినాయన తీసుకొచ్చి దింపాడు.

గౌతమి_గట్టు: ఆ దాటింది వశిష్ఠ.

లంక_టీచర్: గట్టు గారూ, కాసేపు ఆగండి బాబూ. అమ్మా, మరి వాడు దిక్కు సరిగ్గానే చెప్పాడు కదా. ఆ తర్వాత పంపారా?

రాజోలు_అమ్మ: లేదండి. మ్యాపైతే ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చుగా.