రూట్ 66: షికాగో నుంచి మొత్తం నడపాలా, కొంత వదిలేయొచ్చా?

రోడ్డుపిచ్చి:
జూన్‌లో అమ్మానాన్నలతో షికాగో నుంచి శాంటా మోనికా దాకా అమెరికా పాత హైవే రూట్ 66 మీద వెళ్దామని ప్లాన్. చేతిలో పది రోజులే ఉన్నాయి. ఫోన్‌లో మ్యాప్ పెడితే ప్రతిసారీ ఇంటర్‌స్టేట్ (కొత్త పెద్ద హైవే) మీదకే తోస్తోంది. పైగా నాన్నకు ఘాట్ రోడ్డు మలుపులు పడవు. ఏ భాగం వదులుకోకూడదో చెప్పండి.

ఎడారిదారి:
మొత్తం నడపాలన్న పట్టుదల మానుకోండి. 2,400 మైళ్ల పైచిలుకు, ఎనిమిది రాష్ట్రాలు. పది రోజుల్లో అంటే స్టీరింగ్ తప్ప ఇంకేం చూడరు. 1985లోనే దీన్ని అధికారిక హైవేల జాబితాలోంచి తీసేశారు, ఇప్పుడు మిగిలినవి ముక్కలే. అందుకే మ్యాప్ అలా తోస్తుంది. దారిలో చిన్న ఊళ్ల పేర్లు మ్యాప్‌లో ఒక్కొక్కటిగా కొట్టుకుంటూ పోవాలి.

టెక్సస్‌ని ఐ-40 (ఇంటర్‌స్టేట్ 40) మీద లాగించేయండి. అమరిల్లో దగ్గర నేలలో పాతిన పది క్యాడిలాక్ కార్ల కోసం ఆగితే చాలు. వాటిమీద ఎవరైనా స్ప్రే పెయింట్ కొట్టొచ్చు, అమ్మగారు సరదా పడతారు.

మిగిలిన టైమంతా అరిజోనాలో సెలిగ్‌మన్ నుంచి కింగ్‌మన్ దాకా పెట్టండి. 1978లో ఐ-40 పక్కనుంచి పోవడంతో సెలిగ్‌మన్‌లో బేరాలు పడిపోయాయి. ఆ ఊరి బార్బర్ ఏంజెల్ డెల్గాడిల్లో, ఇంకొందరు పట్టుబట్టి 1987లో ఈ ముక్కను హిస్టారిక్ రోడ్డుగా ప్రకటింపజేశారు. దారిలో బర్మా-షేవ్ అనే షేవింగ్ క్రీమ్ ప్రకటనల బోర్డులు వస్తాయి. ఒక్కో బోర్డు మీద పద్యంలో ఒక్కో ముక్క, కొసమెరుపు ఆఖరి బోర్డు మీద. స్పీడుగా పోయారో, అది కాస్తా తప్పిపోతుంది!

గాడిదలదొడ్డి:
కింగ్‌మన్ తర్వాత ఓట్‌మన్ గురించి ఎవరూ చెప్పలేదే? సిట్‌గ్రీవ్స్ పాస్ మీంచి దారి మొత్తం హెయిర్‌పిన్‌లే, చాలాచోట్ల రెయిలింగ్ ఉండదు. 40 అడుగులు దాటిన బళ్లను అసలు రానివ్వరు. మీ నాన్నగారికి కష్టమే. అలాగని ఊరు వదులుకోకండి. ఐ-40 మీద టోపాక్ దాకా దిగి, అటునుంచి పైకి రండి. ఆ వైపు మలుపులు తక్కువ. బంగారు గనులవాళ్లు వదిలేసిన గాడిదల సంతతి వీధిలో తిరుగుతుంటుంది. అద్దం దించారంటే మూతి లోపల పెట్టేస్తాయి. పెట్రోల్ మాత్రం ముందే కింగ్‌మన్‌లో కొట్టించుకోండి.

రోడ్డుపిచ్చి:
టోపాక్ సంగతి భలే చెప్పారండీ. నాన్న ఇప్పుడే ఒప్పుకున్నారు. మరి కాలిఫోర్నియాలో?

ఎడారిదారి:
జూన్‌లో మొహావీ ఎడారి ఎండంటే మాటలు కాదు, మంచినీళ్లు దండిగా పెట్టుకోండి. ఆంబోయ్ వైపు పాత చెక్క వంతెనలు వరదలకు దెబ్బతిని, అక్కడక్కడా రోడ్డు మూసేస్తుంటారు. బయల్దేరేముందు శాన్ బెర్నార్డినో కౌంటీవాళ్ల ప్రకటన చూసుకోండి. మూసి ఉంటే ఐ-40 ఎలాగూ ఉంది.