‘ఎ రింకిల్ ఇన్ టైమ్’ చివర ఓడిపోయింది విజ్ఞానశాస్త్రమేనా?

ప్రశ్న:
మెడలిన్ లెంగిల్ 1962లో వెలువరించిన ‘ఎ రింకిల్ ఇన్ టైమ్’ నవలను ఇటీవల మళ్లీ చదివాను. కథానాయిక మెగ్ తల్లిదండ్రులిద్దరూ శాస్త్రవేత్తలు. కథ నడిచేదే ‘టెసరాక్ట్’ అనే అయిదో పరిమాణపు ఊహ మీద. అయినా ‘ఇట్’ అనే మహా మెదడు గుప్పిట్లోంచి తమ్ముడు చార్లెస్ వాలెస్‌ను మెగ్ విడిపించుకునేది కేవలం ప్రేమతో. అంతవరకు పేర్చుకుంటూ వచ్చిన విజ్ఞానాన్ని రచయిత్రి చివరి అధ్యాయంలో పక్కకు నెట్టేశారనిపించింది. మీరేమంటారు?

జవాబు 1:
మెగ్ మొదటిసారి ‘ఇట్’ను ఎదిరించిన ఘట్టాన్ని మరోసారి చూడండి. ఆమె హైడ్రోజన్, హీలియం అంటూ మూలకాల పట్టికను వల్లిస్తుంటే, అందులో లయ మరీ ఎక్కువగా ఉందని తండ్రి వారించి, అయిదుకు వర్గమూలం ఎంతో చెప్పమంటాడు. ‘ఇట్’ మనుషులను లొంగదీసుకునేది ఒకే తీరున కొట్టుకునే లయతోనే కదా. 2.236 అని మొదలయ్యే ఆ వర్గమూలం కరణీయ సంఖ్య. దశాంశ స్థానాలు ఎంత దూరం సాగినా అంకెల వరుస ఒకే క్రమంలో మళ్లీ మళ్లీ రాదు. రచయిత్రి ఈ లక్షణాన్ని దృష్టిలో పెట్టుకునే రాశారో లేదో గానీ, లెక్కలు చేసే నాకు ఆ చోటు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. వల్లెవేసిన చదువు అక్కడ నిలవలేదు, బుర్ర పెట్టి కట్టిన లెక్క కాసేపైనా నిలిచింది.

జవాబు 2:
నేను ఆగిపోయేది విశ్వాసం దగ్గర. నవలలో చెడుకు రూపమైన చీకటితో పోరాడినవారెవరన్న ప్రశ్నకు పిల్లలు మొదట యేసు పేరు చెప్పి, ఆ వరుసలోనే లియొనార్డో డా విన్చీ, ఐన్‌స్టయిన్, గాంధీ, బుద్ధుడు వంటివారిని చేరుస్తారు. యేసును ఇతరులతో కలిపి చెప్పడాన్ని కొందరు క్రైస్తవులు తప్పుపట్టారు. లెంగిల్ మాత్రం ఎపిస్కోపల్ చర్చి అనే క్రైస్తవ శాఖకు చెందిన విశ్వాసి. ఆమె ఊహలో ప్రార్థనకూ ప్రయోగశాలకూ పేచీ లేదు. మెగ్ తల్లి ప్రయోగాలు వదిలి రాలేక బున్సెన్ బర్నర్ మీదే కూర ఉడికిస్తుంది చూడండి!

ప్రశ్న అడిగినవారు:
వర్గమూలం సంగతి ఒప్పుకుంటున్నాను. అయినా ప్రేమతో వచ్చిన ఆ గెలుపు మరీ సులువుగా లేదా?

జవాబు 1:
సులువని నేననను. ‘ఇట్’నే ప్రేమించగలిగితే బహుశా అది నశిస్తుందని మెగ్‌కు తోస్తుంది, కానీ అది తన వల్ల కాదని ఆమెకు వెంటనే తెలిసిపోతుంది. చార్లెస్ వాలెస్‌నైతే ప్రేమించగలదు. అందుకే వాడొక్కడినే వెనక్కి తెచ్చుకుంటుంది, ‘ఇట్’ మాత్రం తన ఏలుబడిలోని కామజోట్జ్ గ్రహం మీద అలాగే మిగిలిపోతుంది.