అప్‌డేట్: మా చిత్రకళా సంఘం క్రిస్మస్ వేడుక

విజయవాడలో మా చిత్రకళా సంఘం క్రిస్మస్ వేడుకకు కొనుక్కొచ్చిన అలంకరణలు కాకుండా ఏం చేయవచ్చని అడిగాను కదా. కొండపల్లి బొమ్మల పద్ధతిలో, యేసు పుట్టిన పశువుల పాక చేయమన్న సలహానే పాటించాం. ఆ బొమ్మలకు వాడే తెల్లపొణికి కర్ర తేలిక, ఉలికి ఇట్టే లొంగుతుంది. చెక్కడం పెద్దలు చూసుకున్నారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో గొర్రెలకు కాళ్లు, చెవులు అతికించడం పిల్లల వంతు. మక్కు ఆరేదాకా ఆగలేక ఒక బుడతడు రంగు పూయడంతో ఒంటె మెడ వాలిపోయింది. అందరూ ఫోటో తీసుకున్నది దాన్నే! వెదురుబద్దల నక్షత్రంలో ఎల్‌ఈడీ బల్బు పెట్టమన్నవారికి ప్రత్యేక ధన్యవాదాలు, అది పెద్దగా వేడెక్కదు కాబట్టి రంగు కాగితం చెక్కుచెదరలేదు. కేకు మాత్రం బేకరీదే. మిగిలిన కర్రతో సంక్రాంతికి గంగిరెద్దు చేయాలని పిల్లలు ఇప్పటినుంచే పట్టుబడుతున్నారు.