ఇరాక్ సైన్యం తనంతట తానే చెదిరిపోయిందా, అమెరికా చెదరగొట్టిందా?

నిశాంత్:
అమెరికా ఇరాక్‌పై దండెత్తి సద్దాం హుస్సేన్ ప్రభుత్వాన్ని కూల్చాక, 2003 మే 23న బాగ్దాద్‌లో అమెరికా పాలనాధికారి పాల్ బ్రెమర్ రెండో నంబరు ఉత్తర్వుతో ఇరాక్ సైన్యాన్ని రద్దు చేశారు. ఆ తరువాతి రక్తపాతం అంతటికీ ఆ సంతకమే మూలమని తరచూ చదువుతుంటాం. నేను ఒప్పుకోలేకపోతున్నాను. ఏప్రిల్ 9న బాగ్దాద్ పడిపోయేనాటికే సైనికులు యూనిఫాం విప్పేసి ఇళ్లకు వెళ్లిపోయారు. బ్యారక్‌లను జనం ఊడ్చుకుపోయారు. లేని సైన్యాన్ని రద్దు చేయడం ఏమిటి? బ్రెమర్ ఇచ్చుకున్న సమాధానమూ ఇదే.

సూర్యనారాయణ:
నిశాంత్ గారూ, నేను సైన్యంలో ఇరవై నాలుగేళ్లు పనిచేసి సుబేదారుగా రిటైరయ్యాను. సైనికుడు ఇంటికి వెళ్లడం వేరు, సైన్యం లేకుండా పోవడం వేరు. జీతం అందుతుందన్న నమ్మకం ఉండి, తన అధికారి నుంచి కబురు వస్తే అతను తిరిగి వస్తాడు. బ్రెమర్‌కు ముందు ఆ బాధ్యతలో ఉన్న జే గార్నర్ ఆ సైనికులను వెనక్కి పిలిచి పునర్నిర్మాణ పనుల్లో పెట్టాలనే అనుకున్నారు. ఉత్తర్వు ఆ దారిని మూసేసింది.

ఆ తరువాత జరిగింది చూడండి. లక్షల మంది ఆయుధశిక్షణ పొందినవాళ్లు ఒక్క రోజులో జీతం, పింఛను, పరువు పోగొట్టుకున్నారు. దేశమంతటా ఆయుధ గిడ్డంగులు చాలావరకు కాపలా లేకుండా పడి ఉన్నాయి. జూన్ 18న బాగ్దాద్‌లో మాజీ సైనికులు నిరసనకు దిగితే అమెరికా సైనికుల కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. నెలవారీ భత్యం ఇస్తామన్న ప్రకటన ఆ తరువాతే వచ్చింది. ఆ నెల రోజుల్లో ఎంత మంది మనసు విరిగి ఉంటుందో నేను ఊహించగలను. పింఛను ఒక్క నెల ఆలస్యమైతే మా ఇళ్లలో ఎలా ఉంటుందో నాకు తెలుసు.

షాహీన్:
సూర్యనారాయణ గారూ, మీ బాధ అర్థమవుతోంది. కానీ ఆ సైన్యం ఎవరి మీద పనిచేసిందో కూడా చెప్పాలి. 1988లో కుర్దుల పట్టణం హలబ్జా మీద విషవాయువు ప్రయోగించి సుమారు 5,000 మందిని చంపింది సద్దాం బలగాలే. 1991లో దక్షిణాన షియాల తిరుగుబాటును నెత్తుటిలో ముంచిందీ ఆ బలగాలే. అదే అధికారులు అవే యూనిఫాంలతో మళ్లీ వీధిలోకి వస్తే కుర్దులు, షియాలు సహించేవారా? అమెరికాను మెచ్చుకోవడానికి ఈ మాట అనడం లేదు. ఆ ఉత్తర్వును స్వాగతించిన ఇరాకీలు కూడా ఉన్నారు.

సూర్యనారాయణ:
నిజమే. నేరం చేసిన అధికారిని తొలగించాల్సిందే, విచారించాల్సిందే. కానీ మామూలు జవాన్లలో ఎక్కువమంది నిర్బంధంగా చేర్చుకున్న షియా యువకులే. పై వరుసను ఏరివేసి మిగిలిన సైన్యాన్ని నిలబెట్టవచ్చు.

ఒకవేళ రద్దే సరి అనుకుందాం. ఆ ఖాళీని నింపే బాధ్యత ఎవరిది? ఆక్రమించిన సైన్యం శాంతిభద్రతలు కాపాడాలని 1907 హేగ్ నిబంధనల 43వ అధికరణం చెబుతోంది. ఇరాక్‌కు కొన్ని లక్షల మంది సైనికులు కావాలని అమెరికా సైన్యాధిపతి ఎరిక్ షిన్సెకీ యుద్ధానికి ముందే, ఫిబ్రవరిలో, సెనేట్ కమిటీకి చెప్పారు. రెండు రోజులకే రక్షణశాఖ ఉపమంత్రి వుల్ఫోవిట్జ్ ఆ అంచనాను కొట్టిపారేశారు. చివరికి అక్కడ మిగిలింది సుమారు లక్షన్నర మంది. ఉన్న సైన్యాన్ని కాదని, బయటి దేశాల వెంట పడ్డారు. మన దేశాన్ని ఒక డివిజన్ పంపమని అడిగారు. ఐక్యరాజ్యసమితి స్పష్టమైన ఆదేశం లేకుండా కుదరదని జూలై 14న వాజపేయి ప్రభుత్వం తేల్చి చెప్పింది. మన జవాన్లు వేరొకరి ఆక్రమణకు కాపలా కాయాల్సిన అవసరం తప్పిందని ఈ రోజుకీ సంతోషిస్తాను.

కొత్త సైన్యం సంగతా? తొలి పటాలంలో 2003 డిసెంబరుకల్లా దాదాపు సగం మంది జీతం చాలదని వెళ్లిపోయారు. 2004 ఏప్రిల్‌లో మరో పటాలం తోటి ఇరాకీలతో పోరాడటానికి చేరలేదంటూ, అమెరికా సేనలు పోరాడుతున్న ఫలూజా నగరానికి వెళ్లనంది. ఒక మంచి హవల్దారు తయారు కావడానికి పదేళ్లు పడుతుంది. అలాంటివాళ్లందరినీ ఇంటికి పంపేసి, కుర్రాళ్లకు కొన్ని వారాల శిక్షణ ఇచ్చి సైన్యం అన్నారు.

నిశాంత్:
ఇంటికి వెళ్లడానికీ, లేకుండా పోవడానికీ తేడా ఉందన్న మాట ఒప్పుకుంటున్నాను. నా మొదటి వాదనలో అది తప్పిపోయింది. కానీ 2014 జూన్‌లో మోసుల్ నగరాన్ని ఐసిస్ ఉగ్రవాద సంస్థకు వదిలి పారిపోయిన సైన్యాన్ని బ్రెమర్ ఖాతాలో వేయలేను. అప్పటికి అమెరికన్లు వెళ్లిపోయి రెండున్నరేళ్లు అయింది. జాబితాలో పేరుండి విధుల్లో లేని 50,000 మందికి జీతాలు వెళుతున్నాయని ఆ ఏడాది చివర ఇరాక్ ప్రధాని అబాదీయే ప్రకటించారు. ఆ దొంగ లెక్కలు రాసింది ఇరాక్ అధికారులే.

షాహీన్:
వాళ్లను వదిలిపెట్టమని నేనూ అనను. కానీ మోసుల్‌ను తీసుకున్న ఐసిస్‌లో దళాలను నడిపినవారు ఎవరో కూడా చూడండి. వారిలో చాలామంది 2003లో ఇంటికి పంపిన అధికారులే.