అమ్మానాన్న అమెరికా వెళ్తున్నారు: రోమింగ్ వేయించాలా, అక్కడి సిమ్ తీసుకోవాలా?

బెళ్లందూరు_బుజ్జి:
నమస్తే అందరికీ. మా అమ్మానాన్న వచ్చే నెల బెంగళూరు నుంచి దోహా మీదుగా డాలస్ వెళ్తున్నారు. చెల్లికి డెలివరీ, ఆరు నెలలకు కాస్త తక్కువగా అక్కడే ఉంటారు. నాన్న రిటైర్డ్ టీచరు, పెన్షన్ మెసేజీలు, బ్యాంకు ఓటీపీలు, ఆధార్ ఓటీపీ అన్నీ ఆయన నంబరుకే వస్తాయి. నాన్నది ఎయిర్‌టెల్, అమ్మది జియో, రెండూ ప్రీపెయిడ్. రోమింగ్ ప్యాక్ వేయించెయ్ అని ఆఫీసులో సగం మంది, అదంతా దండగ, దిగగానే అక్కడి సిమ్ తీసుకోమని మిగతా సగం మంది అంటున్నారు. నిండు చూలాలిని ఫోన్ల కోసం షాపుల చుట్టూ తిప్పడం నాకిష్టం లేదు. అమ్మకి టెన్షన్ ఎక్కువ, దోహాలో తన దగ్గర్నుంచి కబురు రాకపోతే ఇక్కడ మాకు నిద్ర పట్టదు. తెలిసినవాళ్లు చెప్పండి.

రామమూర్తినగర్_అక్క:
బుజ్జీ, మా అత్తామామలు న్యూజెర్సీ వెళ్లొస్తూ ఉంటారు కాబట్టి చెప్తున్నా. ఏ కంపెనీ మంచిది అని మొదలుపెడితే తేలదు. ఏ నంబరు దేనికి అన్నది ముందు తేల్చుకో. ఇండియా నంబరు ఓటీపీలకి, అక్కడి నంబరు మాటలకీ నెట్‌కీ. అన్ని నెలలు రోమింగ్ ప్యాక్ మీద లాక్కురావడం అంటే డబ్బు నీళ్లలా పోతుంది. కానీ ఇండియా సిమ్ తీసి పర్సులో పెట్టేస్తే ఇంకా పెద్ద తలనొప్పి, అక్కడ కూర్చుని ఒక్క ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా రెన్యూ చేయలేరు.

రోమింగ్‌లో ఉన్నప్పుడు వచ్చే ఎస్సెమ్మెస్‌కి మామూలుగా డబ్బులు పట్టవు. కాల్ ఎత్తితేనే పడతాయి. అందుకని ఇంటర్నేషనల్ రోమింగ్ సర్వీసు ఇక్కడ ఉన్నప్పుడే ఆన్ చేయించి, డేటా రోమింగ్ మాత్రం ఫోన్ సెట్టింగ్స్‌లో ఆఫ్ పెట్టు. ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, కాదు. మొదటిది కంపెనీ ఇచ్చేది, రెండోది మన ఫోన్‌లోది. ప్యాక్ ఏదీ లేకుండా వాళ్ల ప్లాన్ మీద బయట నెట్‌వర్క్ పడుతుందా లేదా అన్నది కస్టమర్ కేర్‌లో అడిగి తేల్చుకో, ప్రీపెయిడ్‌లో ఇది ప్లాన్‌ని బట్టి మారుతుంది.

ఇంకోటి, రీఛార్జ్. వెళ్లేముందే పొడుగు వ్యాలిడిటీ వేయించు. మధ్యలో అయిపోతే ఓటీపీలు ఆగిపోతాయి. వాళ్లకి ఇండియా డేటా అక్కర్లేదు కదా, 2024 డిసెంబర్‌లో ట్రాయ్ (టెలికాం కంపెనీల మీద నియంత్రణ సంస్థ) రూల్ మార్చాక కాల్స్, ఎస్సెమ్మెస్ మాత్రమే ఉండే రీఛార్జ్‌లు వచ్చాయి, ఇలాంటి వోచర్లకి గడువు 365 రోజుల దాకా ఇవ్వొచ్చు. యాప్‌లో వెతికితే కనిపిస్తాయి, షాపువాళ్లు మాత్రం అడిగితే తప్ప చెప్పరు.

కడప_టు_కోరమంగళ:
అక్క చెప్పింది కరెక్ట్. నేను ఫోన్ గురించి చెప్తాను, ఎందుకంటే అమెరికాలో సిమ్ కంటే ముందు ఫోనే అడ్డం తిరుగుతుంది. అక్కడ పెద్ద నెట్‌వర్క్‌లు మూడు: వెరైజన్, ఏటీఅండ్‌టీ, టీ-మొబైల్. మిగతా చౌక కంపెనీలు చాలావరకు వీటి టవర్ల మీదే నడుస్తాయి, ఉదాహరణకి మింట్ మొబైల్ టీ-మొబైల్ మీద, విజిబుల్ వెరైజన్ మీద. 2022లో ఈ మూడూ 3జీ మూసేశాయి. కాబట్టి ఫోన్‌లో వోల్టీ (4జీ మీదే కాల్ మాట్లాడే సదుపాయం) ఉంటే సరిపోదు, ఆ నెట్‌వర్క్‌తో వోల్టీ పనిచేయాలి, లేదంటే నెట్ వస్తుంది, కాల్ వెళ్లదు. ఏటీఅండ్‌టీ అయితే తన లిస్టులో లేని ఫోన్లను అసలు ఒప్పుకోదు, మన దగ్గర అమ్మే మోడళ్లు అందులో చాలా ఉండవు. ఇండియా ఫోన్లతో టీ-మొబైల్ లేదా దాని మీద నడిచేవే కాస్త సులువు. అక్కడ కూడా బ్యాండ్ 71 అనే 600 మెగాహెర్ట్జ్ సిగ్నల్ ఊళ్ల బయట ముఖ్యం, మన ఫోన్లలో అది తరచుగా ఉండదు. డాలస్ సిటీలోనే ఉంటారంటే పెద్దగా ఇబ్బంది రాదు.

చేయాల్సింది: *#06# కొట్టి ఐఎంఈఐ నంబరు (ఒక్కో ఫోన్‌కి ఉండే గుర్తింపు నంబరు) చెల్లికి పంపించు, తను ఏ కంపెనీ అనుకుంటే దాని వెబ్‌సైట్‌లో చెక్ చేస్తుంది. ఇంట్లో సోఫాలో కూర్చుని చేసే పని. వాళ్ల ఫ్యామిలీ ప్లాన్‌లో రెండు లైన్లు కలిపితే ఇంకా సులువు, ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఎక్కించుకునే సిమ్) అయితే షాపుకి వెళ్లే పనే ఉండదు.

మారతహళ్లి_బాబాయ్:
అందరూ ఆరు నెలల గురించే చెప్తున్నారు, మొదటి రెండు రోజుల సంగతి ఎవరూ చెప్పడం లేదు. పెద్దవాళ్లకి భయం వేసేది దోహాలో, తర్వాత డాలస్ ఇమిగ్రేషన్ దగ్గర. నా మాట విని ఒక్క ఫోన్‌కైనా చిన్న రోమింగ్ ప్యాక్ వేయించమ్మా. దండగ కాదు. అయితే అమెరికా ప్యాక్ ఖతార్‌లో పనిచేస్తుందో లేదో చూసి తీసుకో, కొన్ని ఒక్క దేశానికే ఉంటాయి, కొన్ని చాలా దేశాలకి కలిపి ఉంటాయి. ఎప్పటి నుంచి లెక్క మొదలవుతుందో కూడా చదువు. దోహా ఎయిర్‌పోర్ట్‌లో ఫ్రీ వైఫై ఉంది, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టడం అమ్మకి ఇక్కడే బాగా అలవాటు చెయ్యి. చెల్లి నంబరు, ఇంటి అడ్రసు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇద్దరి దగ్గరా విడివిడిగా పెట్టు. ఫోన్ చార్జింగ్ అయిపోతే ఏ సిమ్ ఉన్నా ఒకటే.

హెబ్బాళ_ప్రయాణి:
ఫ్యామిలీ సంగతి వేరు, ఆఫీసు పని మీద నాలుగైదు రోజులు వెళ్లేవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి రాస్తున్నా. చిన్న ట్రిప్పుకి రోమింగ్ ప్యాకే నయం, కంపెనీ డబ్బులిస్తే అసలు ఆలోచించక్కర్లేదు. యూరప్‌లో వారం దాటితే అక్కడి సిమ్. 2017 జూన్ నుంచి యూరోపియన్ యూనియన్‌లో ఒక దేశం సిమ్ మిగతా దేశాల్లో కూడా అదనపు చార్జీ లేకుండా నడుస్తుంది, ప్యారిస్‌లో కొన్నది బెర్లిన్‌లో పనిచేస్తుంది. స్విట్జర్లాండ్, బ్రిటన్ ఇందులో లేవు. మనవాళ్లు యూరప్ టూర్ అంటే స్విస్ లేకుండా వెళ్లరు, రైలు బోర్డర్ దాటగానే ఫోన్ వేరే నెట్‌వర్క్ పట్టుకుంటుంది, ప్లాన్‌లో ఆ దేశం పేరు ఉందో లేదో చూసుకోండి. జర్మనీలో ప్రీపెయిడ్ సిమ్‌కి పాస్‌పోర్ట్ చూపించి వెరిఫికేషన్ చేయించుకోవాలి.

ట్రావెల్ ఈ-సిమ్‌లు బాగానే ఉంటాయి కానీ ఎక్కువ వాటిలో డేటా మాత్రమే, ఫోన్ నంబరు ఉండదు. 2024 జనవరిలో ఇలాంటి ఈ-సిమ్‌లు అమ్మే ఐరాలో, హోలాఫ్లై యాప్‌లను మన టెలికాం శాఖ ఇండియా యాప్ స్టోర్ల నుంచి తీయించింది, అనుమతి లేదని. ఇక్కడే కొనేట్టయితే అనుమతి ఉన్న చోట తీసుకోండి.

వైట్‌ఫీల్డ్_కుర్రాడు:
దుబాయ్ వెళ్లేవాళ్లకి: అక్కడి సిమ్ మీద వాట్సాప్ మెసేజీలు వెళ్తాయి, కాల్ కలవదు. కాల్స్‌కి బోటిమ్ అనే యాప్ వాడతారు, ఇంట్లోవాళ్ల ఫోన్లో కూడా ముందే వేసి వెళ్లండి.

చైనా అయితే దీనికి తలకిందులు, రోమింగే మేలు. రోమింగ్ డేటా మన కంపెనీ సర్వర్ల మీదుగా తిరిగి వస్తుంది కాబట్టి వాట్సాప్, గూగుల్ తెరుచుకుంటాయి. అక్కడి సిమ్ మీద రావు.

బెళ్లందూరు_బుజ్జి:
అందరికీ చాలా థాంక్స్. ఫోన్లు చూశాను. అమ్మ ఫోన్‌లో ఈ-సిమ్ ఉంది. నాన్న ఫోన్‌లో లేదు, రెండో సిమ్ చోట మెమరీ కార్డు ఉంది, అందులో ఆయన పాత ఫోటోలన్నీ. ఇంకో డౌట్, ఆయన ఫోన్‌పే, బ్యాంకు యాప్ అక్కడ నడుస్తాయా?

కడప_టు_కోరమంగళ:
ఇండియా సిమ్ కదపకుండా ఉంచితే మామూలుగా నడుస్తాయి. ఈ యాప్‌లు మొదట రిజిస్టర్ చేసేటప్పుడు ఆ సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ పంపుతాయి. సిమ్ తీసినా, ఫోన్ మార్చినా కొన్ని యాప్‌లు మళ్లీ మొదటి నుంచి అడుగుతాయి, అది విదేశం నుంచి పంపడం పెద్ద తంటా. అందుకే మెమరీ కార్డే తీసెయ్యండి, ఫోటోలు ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి. నాన్నగారి సిమ్ ఇప్పుడున్న స్లాట్‌లోనే ఉండనివ్వండి, కొత్తది కార్డు తీసిన చోట. కొత్త సిమ్ పడగానే నంబరు మార్చాలా అని వాట్సాప్ అడిగితే వద్దు అనమనండి, పాత నంబరు మీదే నడుస్తుంది.

అమ్మగారికి కొత్త లైను ఈ-సిమ్‌గా పెట్టండి, ఇండియా సిమ్‌ని ఈ-సిమ్‌గా మార్చొద్దు. ఫోన్ పగిలితే మామూలు సిమ్ ఇంకో ఫోన్‌లో వేసుకోవచ్చు, ఈ-సిమ్ మళ్లీ తెప్పించుకోవాలంటే అక్కడి నుంచి చాలా కష్టం.

రామమూర్తినగర్_అక్క:
విమానంలో ఎయిర్‌ప్లేన్ మోడ్ మర్చిపోనివ్వకు బుజ్జీ. కొన్ని విమానాల్లో, క్రూయిజ్ ఓడల్లో సొంత మొబైల్ నెట్‌వర్క్ ఉంటుంది, మామూలు రోమింగ్ ప్యాక్‌లు దానికి వర్తించవు, రేటు దారుణం. మా బంధువులబ్బాయికి ఇలాగే బిల్లు వస్తే కంపెనీ చుట్టూ తిరగలేక కట్టేశాడు. ప్రీపెయిడ్ కాబట్టి మీకు బ్యాలన్స్ వరకే పోతుంది, అయినా ప్యాక్ కొన్న ధైర్యంతో పెద్దవాళ్లు వీడియోలు చూస్తూ కూర్చుంటారు.

బెళ్లందూరు_బుజ్జి:
సరే అక్కా. నాన్న నంబరుకి వాయిస్ రీఛార్జ్, రోమింగ్ రెండూ ఈ ఆదివారం చేస్తాను. దోహాలో కూడా పనిచేసే చిన్న ప్యాక్ అమ్మ నంబరుకి. ఐఎంఈఐలు చెల్లికి పంపాను, అమ్మ ఫోన్ ఓకే వచ్చింది, నాన్నది ఏటీఅండ్‌టీలో తీసుకోవడం లేదట, టీ-మొబైల్‌లో చూస్తానంది.

మారతహళ్లి_బాబాయ్:
అక్కడా కుదరకపోతే కంగారు పడొద్దమ్మా. పాతదాన్ని ఇండియా సిమ్‌తోనే ఓటీపీల కోసం ఇంట్లో ఉంచి, అక్కడే ఒక మామూలు ఫోన్ కొని అందులో కొత్త సిమ్ వేయమను. కొనేది అన్‌లాక్డ్ ఫోన్ అయి ఉండాలి, కంపెనీ లాక్ ఉన్నది తెస్తే తిరిగొచ్చాక ఇక్కడి సిమ్ పనిచేయదు.