తిరుపతిలో చెట్లు కొట్టే పని: 11 కేవీ లైను పక్కన చింతమాను, ఒప్పుకోవచ్చా?

కొమ్మకోత_తిరుపతి అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నాకు 26 ఏళ్లు. బెంగళూరులో చెట్ల కొమ్మలు కొట్టే కాంట్రాక్టరు దగ్గర మూడేళ్లు పనిచేశాను. అమ్మకు ఒంట్లో బాగాలేక ఆరు నెలల కిందట తిరుపతికి వచ్చేశాను. సెకండ్ హ్యాండ్‌లో పెట్రోలు రంపం ఒకటి కొని, మా పిన్నమ్మ కొడుకును తోడు పెట్టుకుని సొంతంగా పని మొదలుపెట్టాను. కొర్లగుంట, బైరాగిపట్టెడ, పద్మావతిపురం వైపు నుంచి ఫోన్లు బాగానే వస్తున్నాయి. చెట్టెక్కడానికి భయం లేదు. ఎక్కకముందు మాట్లాడుకోవలసిన వ్యవహారమే నాకు తెలియదు. బెంగళూరులో అదంతా మేస్త్రీ చూసుకునేవాడు.

ఇప్పుడు వచ్చిన పని ఇది. అవిలాల దగ్గర ఒక ఇంటి స్థలంలో పాత చింతమాను ఉంది. ఇద్దరం చేతులు చాచి పట్టుకుంటే గానీ అందనంత లావు. ఒక వైపు 11 కేవీ (11,000 వోల్టుల) కరెంటు లైను, ఇంకో వైపు పక్కింటివాళ్ల రేకుల షెడ్డు. ఇల్లు కట్టాలి, ఆదివారంలోగా మొదలంటా తీసేయండి అంటున్నాడు ఓనరు. కట్టె మమ్మల్నే తీసుకోమని, పైన 9,000 ఇస్తానని అన్నాడు. లైను సంగతి అడిగితే, "ఆ పూట కరెంటు తీయిస్తాంలే" అన్నాడు.

పోయిన వారం ఒక వేపకొమ్మ తాడుకు వేలాడుతూ గిర్రున తిరిగి వాటర్ ట్యాంకు పైపును విరగ్గొట్టింది. 2,800 నేనే కట్టాను. ఆ రోజు కూలి పోగా చేతి డబ్బు కూడా పడింది. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. ఈ పని ఒప్పుకోవచ్చా? అనుభవం ఉన్న అన్నలు చెప్పండి.

పాకాల_మానుమేస్త్రీ జవాబు:

తమ్ముడూ, ఆదివారం అన్న మాట దగ్గరే ఆగు. ఆ మానుకు నాలుగు రోజుల పని ఉంది. పని ఇచ్చేవాడు రోజు పెడితే, ఆ రోజు కోసం మనం తొందరపడతాం. నేను ఈ పనిలో 22 ఏళ్లుగా ఉన్నాను, నాకు దెబ్బలు తగిలినవన్నీ తొందరపడిన రోజులే.

ముందు కాగితం. సొంత స్థలంలో ఉన్న మానైనా సరే, 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం కొట్టడానికి అనుమతి కావాలి. దరఖాస్తు ఓనరే పెట్టుకోవాలి, నువ్వు కాదు. అటవీ శాఖ కార్యాలయంలో అడిగితే దారి చెప్తారు. అనుమతి కాగితం కాపీ నీ జేబులో ఉండాలి. మన వైపు ఎర్రచందనం వల్ల లోడు రోడ్డెక్కితే ఎవరైనా ఆపి అడుగుతారు, అది చింతకట్టె అని నోటితో చెప్తే చాలదు. ఎవరి పెరట్లోనైనా ఎర్రచందనం కనిపిస్తే మాత్రం, కాగితం చూడనిదే దాని మీద కత్తి కూడా ఆనించొద్దు.

ఇక మాను. పాత చింతమాను లోపల డొల్ల ఉంటుంది. బయటికి ఏనుగులా కనిపిస్తుంది, లోపల మనిషి దూరేంత ఖాళీ ఉండొచ్చు. ఎక్కేముందు గొడ్డలి వెనక వైపుతో చుట్టూ కొట్టుకుంటూ రా. గట్టి చోట "ఠంగ్"మని చేతికి తిరిగి కొడుతుంది. డొల్ల చోట డప్పులా మోగుతుంది. పైకెక్కాక ప్రతి పెద్ద కొమ్మనూ అలాగే కొట్టి చూడు. నేను పాకాల దగ్గర ఒక మానుకు ఆ పని చేయలేదు. నడుము తాడు కట్టుకున్న కొమ్మే లోపల పుచ్చిపోయి ఉంది. కాలి కింద, పొయ్యిలో ఉప్పు వేస్తే వస్తుందే, ఆ చిటపట వినిపించింది. తరువాత బెరడు చీలికలోంచి చీమలు గుడ్లు నోట కరుచుకుని బయటికొచ్చాయి. రంపం కిందికి వదిలేసి మానును కౌగిలించుకుని, పక్క కొమ్మకు తాడు మార్చుకునే దాకా ఊపిరి తీయలేదు. అప్పటి నుంచి నడుముకు ఎప్పుడూ రెండు తాళ్లు, రెండు వేర్వేరు చోట్ల కడతాను. రంపం నడిచేటప్పుడు ఒక తాడు తెగినా రెండోది ఉండాలి.

నీ వేపకొమ్మ సంగతి. నువ్వు కొమ్మను ఒకే చోట కట్టి ఉంటావు, అందుకే అది తిరిగింది. కొస వైపు ఇంకో సన్నతాడు కట్టి, కింద ఒక మనిషి పట్టుకుంటే తిరగదు. బరువు మోసే తాడును మాను మొదట్లో రెండు మూడు చుట్లు తిప్పి వదలాలి. చేతులతో పట్టుకుంటే ఎంత బలమున్నవాడికైనా అరచేయి తోలు ఊడిపోతుంది. నువ్వెక్కే తాడు వేరు, కొమ్మ దించే తాడు వేరు. వాటిని కలపొద్దు.

కోత కూడా చెప్తాను. మానుకు అడుగు దూరంలో కింది నుంచి మూడో వంతు కొయ్యి. దానికి రెండంగుళాలు బయటికి జరిగి పైనుంచి కొయ్యి. కొమ్మ బెరడు చీల్చుకోకుండా పడుతుంది. మిగిలిన మొండిని తరువాత తీసెయ్యి. పైనుంచి ఒకే కోతతో తెంపితే కొమ్మ బెరడుతో సహా తలుపులా ఊగి వచ్చి నీ కాళ్లనే కొడుతుంది.

చింత చేవ చైన్‌ను తినేస్తుంది. పొట్టు తురుములా పడుతుంటే చైన్ బాగున్నట్టు, పిండిలా పడుతుంటే మొద్దుబారినట్టు. గుండ్రటి ఆకురాయి జేబులో పెట్టుకో. ఇళ్ల దగ్గరి మానుల్లో మేకులుంటాయి. బట్టల తాడుకు కొట్టినవి, బోర్డులకు కొట్టినవి. కొన్నిటిని బెరడు మింగేసి ఉంటుంది. బెరడు మీద నల్లటి మరక, బుడిపె కనిపిస్తే అక్కడ రంపం పెట్టొద్దు.

రేటు విషయం. 9,000 చాలా తక్కువ. కట్టెను నీ లాభంలో లెక్కేసి చూపిస్తున్నాడు, కానీ చింతకట్టె మోయడానికి, ట్రాక్టరుకు నీ డబ్బే పోతుంది. మాంసం దుకాణాల వాళ్లు కొట్టుడు మొద్దులకు చింతనే అడుగుతారు, నిజమే. కానీ మాను డొల్లయితే మొద్దు రాదు. కాబట్టి ముందు కొట్టి చూడు, తరువాత రేటు చెప్పు. ఏయే కొమ్మలు, ఆకు ఎవరు ఎత్తాలి, రేకులు పగిలితే ఎవరు కట్టాలి, ఇవన్నీ ఒక తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టించుకో. నేను ఈ అలవాటు చేసుకోవడానికి పదేళ్లు పట్టింది. ఆ లోపు ఎన్ని పెంకులకు, ఎన్ని పైపులకు డబ్బు కట్టానో.

పాత_లైన్‌మన్ జవాబు:

మేస్త్రీగారు లైను సంగతి నాకు వదిలేసినట్టున్నారు. నేను 31 ఏళ్లు స్తంభాల మీద పనిచేసి రిటైరయ్యాను. బాబూ, "కరెంటు తీయిస్తాం" అన్న నోటిమాట మీద ఎక్కొద్దు. ఇంట్లో ఫ్యాను ఆగితే 11 కేవీ లైను ఆగినట్టు కాదు, అవి వేర్వేరు. ఓనరు కరెంటు వాళ్ల సెక్షన్ ఆఫీసులో రాసిచ్చి తేదీ తీసుకోవాలి. ఆ రోజు లైన్‌మన్ వచ్చి సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, తన పేరు మీద తీసుకుంటాడు. ఆయనే తిరిగి ఇచ్చేదాకా ఆ ఫీడరుకు, అంటే సబ్‌స్టేషన్ నుంచి వచ్చే ఆ లైనుకు, కరెంటు ఎక్కించరు. ఎల్‌సీ తీసుకున్నాక లైనును పరీక్షించి, ఎర్త్ చేస్తాడు, అంటే తీగలను భూమికి కలుపుతాడు. అది నీ కళ్లతో చూసి, ఆయన "ఎక్కు" అన్నాకే ఎక్కు. ఎందుకంటే వీధిలో ఎవరి జనరేటరు నుంచైనా వెనక్కి కరెంటు వచ్చే ప్రమాదం ఉంది.

ఇంకొకటి. 11 కేవీ తీగను తాకనవసరం లేదు, దగ్గరికి పోయినా లాగుతుంది. పచ్చికొమ్మ, తడి తాడు, అల్యూమినియం నిచ్చెన అన్నీ కరెంటు తీసుకొస్తాయి. కొమ్మ తీగ మీద పడి మంటలొస్తే లాగబోకండి. జనాన్ని దూరంగా పంపి 1912 కు ఫోన్ చేయండి. మా సర్వీసులో ఒక కుర్రవాడు, వాన వెలిసిందని, లైను పక్కనున్న కానుగ కొమ్మను ఇనుప దోటితో లాగాడు. వాళ్లమ్మ మధ్యాహ్నం అన్నం క్యారియరు పట్టుకుని అక్కడికే వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. అందుకే ఇంతగా చెప్తున్నాను.

తోట_దామలచెరువు జవాబు:

నేను పని చేయించుకునేదాన్ని, ఆ వైపు నుంచి ఒక మాట చెప్తాను తమ్ముడూ. మాకు తోతాపురి మామిడి తోట ఉంది. ఏటా కాయ దించాక కత్తిరింపులు చేయిస్తాం. మూడేళ్ల కిందట వచ్చినవాళ్లు కొమ్మలకు జానెడు మొండ్లు వదిలి పోయారు. ఆ మొండ్లు ఎండి, అక్కడి నుంచి కుళ్లు మానులోకి దిగింది, రెండు చెట్లు పోయాయి. కొమ్మ మొదట్లో కంకణంలా ఉబ్బు ఉంటుంది కదా, దాన్ని కోయకుండా, దాని బయటే కోస్తే గాయం అంచుల నుంచి బెరడు మూసుకుంటూ వస్తుంది. ఈ తేడా తెలిసినవాడు దొరికితే నేను కూలి ఎక్కువైనా ఇస్తాను.

అవిలాల ఓనరునూ ఒకసారి అడిగి చూడు. ఇల్లు కట్టే చోటికి మాను నిజంగా అడ్డమా, లేక రేకుల మీదికి, లైను మీదికి వచ్చిన కొమ్మలు తీస్తే సరిపోతుందా? అంత పాత చింత మళ్లీ రాదు. నడినెత్తిన నరికి మోడు చేయడం మాత్రం ఒప్పుకోకు. పక్కల నుంచి పుట్టే కొత్త కొమ్మలు బలహీనంగా అతుక్కుని ఉంటాయి, నవంబరు గాలికి అవే ముందు విరుగుతాయి.

మామిడి చెట్లు ఎక్కితే నిండు చేతుల చొక్కా వేసుకో. సొన పడితే చర్మం కాలినట్టు పొక్కుతుంది.

పాకాల_మానుమేస్త్రీ:

అక్క చెప్పింది నిజం. తమ్ముడూ, ఒకటి మర్చిపోయాను. బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది, ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో చనిపోతే ఇంటికి 2 లక్షలు వస్తాయి. నీకూ, మీ పిన్నమ్మ కొడుక్కూ ఈ రోజే పెట్టించు. కింద తాడు పట్టుకున్నవాడికే ముందు దెబ్బ తగులుతుంది, వాడికీ హెల్మెట్ కొను.

కొమ్మకోత_తిరుపతి:

అందరికీ దండం. నిన్న సాయంత్రం పోయి గొడ్డలితో మాను చుట్టూ కొట్టి చూశాను. తూర్పు వైపు, నడుము ఎత్తున, రెండడుగుల మేర డప్పులా మోగింది. ఓనరును కూడా పిలిచి వినిపించాను. ఆయన చెవి ఆనించి విన్నాడు. తరువాత అక్క అడగమన్నది అడిగాను. ప్లాను చూపించాడు, వంటిల్లు సరిగ్గా మాను మీదికే వస్తోంది. మాను ఉండే దారి లేదు, మనసుకు కష్టంగానే అనిపించింది. ఆదివారం మాట మాత్రం వదిలేశాడు. అనుమతికి, లైనుకు ఆయనే దరఖాస్తులు పెడతానన్నాడు. రెండూ చేతికొచ్చాకే ఎక్కుతానని, నాలుగు రోజులకు 24,000, కట్టె ఆయనదే, ఆకు ఎత్తే పని మాది అని రాసుకున్నాం. రేకుల షెడ్డు వాళ్లతో కూడా మాట్లాడాను, ఆ పక్క కొమ్మలు దించే రోజు మేకల్ని వేరే చోట కట్టుకుంటామన్నారు.

మేస్త్రీ అన్నా, కొమ్మలు దించడానికి నా దగ్గరున్నది నైలాన్ తాడు, బరువు పడితే బాగా సాగుతోంది. మీరు ఏది వాడతారో, ఎంత మందం తీసుకోవాలో చెప్పండి. రేపు రేణిగుంట పోతున్నాను, అక్కడే కొంటాను.